పుట్టువెంట్రుకలు తీసిన చేతులు

తెలుగిళ్ళలో పాత ఫొటోల పెట్టె తెరిస్తే ఒక ఫొటో దాదాపు తప్పకుండా దొరుకుతుంది. పట్టు పరికిణీ, కళ్ళకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క, నుదుట పాపిటబిళ్ళ, వెనక అద్దంలో పూలజడ కనబడేట్టు నిలబెట్టిన రెండు మూడేళ్ళ పాప. ఎవరీ పిల్ల అని అడిగితే, ‘పిల్ల కాదే, మీ పెదనాన్న’ అంటారు ఇంట్లోవాళ్ళు. మగపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించే ముందు, పెరిగిన జుట్టుకు జడ వేసి, ఆడపిల్ల వేషం కట్టి స్టూడియోకి తీసుకెళ్ళడం మన ఊళ్ళలో ఒక వేడుక. నాలుగు రోజులు పోతే ఆ జుట్టు దేవుడిది. ఇచ్చేసే ముందు ఒక్కసారి దాని అందం కళ్ళారా చూసుకోవాలన్న ముచ్చట అది.

ఆ ఫొటోలో కనబడని వాళ్ళ గురించి రాయాలని నాకు చాన్నాళ్ళుగా ఉంది. మాది తెనాలి వైపు నాయీబ్రాహ్మణ కుటుంబం. మా నాయనమ్మ మంత్రసాని. తాత క్షవరాలు చేసేవాడు, పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదేవాడు. నేను నర్సునై ప్రసూతి వార్డులో పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళో బిడ్డ పుడితే తొలి స్నానం మా ఇంటి ఆడమనిషి చేతిలో, తొలి క్షవరం మా ఇంటి మగమనిషి చేతిలో జరిగేవి. పుట్టువెంట్రుకల చరిత్ర చెప్పమంటే అందరూ శాస్త్రాలు చెబుతారు, క్షేత్రాలు చెబుతారు. అవన్నీ ఉండవలసినవే. కానీ ఆ లేత తలను కాపాడిన పనితనం ఒక వృత్తిది. దానికీ చరిత్రలో చోటుండాలి.

శాస్త్రంతోనే మొదలుపెడతాను. దీన్ని చౌలమనీ చూడాకర్మ అనీ అంటారు. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రం దాన్ని మూడో ఏట చెయ్యమంటుంది. మనుస్మృతి మొదటి ఏడైనా సరే, మూడో ఏడైనా సరే అంటుంది. తల మీద ఎన్ని శిఖలు ఉంచాలన్నది ఆ వంశపు ఋషులను బట్టి ఉండేది. తీసిన వెంట్రుకలను పేడముద్దలో పెట్టి మేడిచెట్టు మొదట్లోనో దర్భల పొదలోనో ఉంచమన్నారు. అందులో నన్ను బాగా ఆకట్టుకున్నది నీళ్ళ ముచ్చట. చన్నీళ్ళలో వేడినీళ్ళు కలిపి, ఆ నీటితో బిడ్డ తల తడపమని ఉంది. ఆ నీటికి ఒక మంత్రం కూడా ఉంది. గోరువెచ్చటి నీళ్ళతో బాగా నానిన వెంట్రుకే కత్తికి లొంగుతుందని కత్తి పట్టినవాడికి ఎప్పుడూ తెలుసు. ఆ పనివాడి తెలివే మంత్రంలోకి ఎక్కిందని నా నమ్మకం.

అన్ని తలలూ నున్నగా గొరిగేవారని కూడా అనుకోనక్కర్లేదు. విశ్వామిత్రుడు యాగరక్షణకు అడిగిన నాటి రాముణ్ణి వాల్మీకి కాకపక్షాలవాడని వర్ణించాడు. అంటే చెవుల పక్కన వేలాడే జుట్టుపాయలున్న పిల్లవాడు. కాళిదాసు రఘువంశం మూడో సర్గలో రఘువుకు చౌలం అయ్యాక, అలాంటి పాయలు ఊగే మంత్రికుమారులతో కలిపి అక్షరాలు దిద్దించాడు. తొలి క్షవరం, తొలి అక్షరం పక్కపక్కనే వచ్చేవన్నమాట.

ఈ మంత్రాలన్నీ కొన్ని ఇళ్ళవి. మిగిలిన ఊరంతటికీ ఉన్నది మొక్కు. బిడ్డ కడుపులో ఉండగానో, జ్వరం వచ్చి గట్టెక్కినప్పుడో తల్లి మొక్కుకునేది. ఒక ఇంటికి తిరుపతి వెంకన్న, ఒక ఇంటికి సింహాద్రి అప్పన్న, ఇంకో ఇంటికి కోటప్పకొండ, మరో ఇంటికి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ. తెలంగాణ వైపు వేములవాడ రాజన్న, కొమురవెల్లి మల్లన్న, యాదగిరి నరసింహస్వామి. ముస్లింల ఇళ్ళలో ఏడో రోజున అకీకా చేసి, తీసిన జుట్టుకు సరితూగే వెండి విలువను దానమిస్తారు. ఏ ఇంట్లోనైనా బిడ్డ తొలి జుట్టును ఊరికే పారేయరు.

మొక్కిన రోజు నుంచి ఆ తలకు కత్తెర తగలకూడదు. తొమ్మిదో నెలో, పదకొండో నెలో, కాదంటే మూడో ఏడో, ఐదో ఏడో, ఏదైనా బేసి లెక్కలో పడాలి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకుముందు కాలినడకో డోలీయో తప్ప దారి లేదు. చంటిబిడ్డతో ఆ కొండెక్కాలంటే చేతిలో డబ్బుండాలి, తోడుండాలి, పంట ఇంటికి రావాలి. రోడ్డు పడ్డాక కూడా మా ఊరివాళ్ళకు తిరుపతి ప్రయాణమంటే ఏళ్ళ తరబడి అనుకుని చేసేది. అందుకే మూడేళ్ళు వచ్చేసరికి జుట్టు కళ్ళల్లో పడేది, భుజాలు దాటేది. స్టూడియోలో వేసిన ఆ పూలజడకు మూలం ఆ కొండదారే.

ఆ జుట్టును అదుపులో పెట్టడం సులువు కాదు. పుట్టినప్పటి వెంట్రుకలు చాలావరకు తొలి ఆరు నెలల్లో రాలిపోతాయి. పక్కకు ఒరుసుకునే చోట, తల వెనక, బోసిగా కనబడుతుంది. తర్వాత వచ్చేదీ సన్నటి జుట్టే. వెంట్రుక మొదలే సన్నం కాబట్టి దానికి బరువుండదు. పుట్టిన కొత్తలో తల్లి హార్మోన్ల ప్రభావంతో బిడ్డ చర్మంలో నూనెగ్రంథులు బాగా పనిచేస్తాయి. మాడు మీద జిడ్డుపెచ్చు కట్టేది అప్పుడే. కొద్ది నెలలకు ఆ గ్రంథులు సద్దుమణిగి, మళ్ళీ పెద్దపిల్లలయ్యేదాకా పెద్దగా పనిచేయవు. అందుకే రెండేళ్ళ పిల్లల జుట్టు పొడిగా, గాలికి దూదిలా లేస్తుంది. దువ్విన కొద్దీ ఇంకా లేస్తుంది.

ఈ గ్రంథుల సంగతి నాయనమ్మకు తెలియదు, చెయ్యవలసింది మాత్రం తెలుసు. మాడుకు ఆముదం పెట్టేది, రుద్దేది కాదు. అరచేతిలో వేసుకుని, వేడి తగిలేదాకా రెండు చేతులూ రాపాడించి, ఊరికే అద్దేది. పెచ్చు కట్టిన చోట రాత్రి నూనె రాసి పొద్దున మెత్తటి గుడ్డతో తీసేది, గోటితో గిల్లనిచ్చేది కాదు. కుంకుడు రసం కళ్ళు మండిస్తుందని ఏడాది నిండేదాకా పెసరపిండితోనే తల రుద్దేది. జుట్టు కాస్త పెరిగాక మందారాకు నలిపి, ఆ జిగురు పట్టించి కడిగేది. ఆ జిగురుకి లేచే వెంట్రుక అణిగేది, చిక్కు జారిపోయేది. తడి తలను దువ్వనిచ్చేది కాదు. ఆరాక, పళ్ళు ఎడంగా ఉన్న చెక్కదువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వచ్చేది. ఒక చేత్తో కుదుళ్ళ దగ్గర పాయను పట్టుకునే రెండో చేత్తో దువ్వేది. లాగిన లాగుడు ఆ చేతికి తగలాలి గాని బిడ్డకు తగలకూడదు.

కళ్ళల్లో పడే జుట్టుకు నడినెత్తిన పిలక వేసేవాళ్ళు. దానికి నాయనమ్మ వాడింది పాత నూలుచీర అంచు చింపిన పీలిక. లేత జుట్టుకు దారం కడితే కోస్తుందనేది. తర్వాత రిబ్బన్లు వచ్చాయి, రబ్బరు బ్యాండ్లు వచ్చాయి. 1966 నాటి హిందీ సినిమా పేరుతో ‘లవ్ ఇన్ టోక్యో’ అనే రెండు పూసల బ్యాండ్లు ఊరూరా తిరిగాయి. ఉత్త రబ్బరు మాత్రం సన్నటి వెంట్రుకను పట్టుకుని ఊడబెరుకుతుంది. వార్డుకు వచ్చిన తల్లులకు నేనూ గుడ్డ పీలికే కట్టమని చెప్పేదాన్ని. సాంబ్రాణి విషయంలో మాత్రం నాయనమ్మ దారి వదిలాను. నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద బిడ్డ జుట్టు పరిచి ఆరబెట్టడం ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. వాసన ఎంత బాగున్నా మానెయ్యాల్సిందే.

ఇక తాత పని. పుట్టువెంట్రుకలప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చుంటుంది. మేనమామ కత్తెరతో మూడు చోట్ల పాయ తీసి పళ్ళెంలో వేస్తాడు. చప్పట్లూ అక్షింతలూ అప్పుడే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. తాత పొది విప్పేవాడు. కత్తిని ఆకురాయి మీద ముందు రోజే నూరి ఉంచేవాడు. అక్కడికక్కడ తోలుపట్టీ మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, తన ముంజేతి వెంట్రుక మీద పదును చూసుకునేవాడు. పెద్దల గడ్డానికి చాలిన పదును పసితలకు చాలదు. సన్నటి తడి వెంట్రుక చర్మానికి అంటుకుపోయి కత్తి కిందనుంచి జారిపోతుంది. పదును తక్కువైతే ఒకేచోట రెండుసార్లు గీయాలి, అప్పుడే గాటు పడుతుంది.

గోరువెచ్చటి నీళ్ళు దోసిట్లో తీసుకుని, బిడ్డ ఏడుపు తగ్గేదాకా తల నిమిరేవాడు. తడపడమూ అయ్యేది, చెయ్యి అలవాటూ అయ్యేది. ‘బాబుగారూ, బిడ్డను మీరు పట్టుకోండి, తల నాకొదిలెయ్యండి’ అనేవాడు మేనమామతో. ఎడమచేతి బొటనవేలితో చర్మాన్ని సాగదీసి, వెంట్రుక ఎటు పడుకుందో ఆ వైపుకే, అంగుళం అంగుళంగా కత్తి నడిపేవాడు. సుడి దగ్గర వెంట్రుకలు చుట్టూ తిరిగి ఉంటాయి. అక్కడ కత్తి కాదు, తలే తిరగాలి. అందుకే తల తన చేతిలో ఉండాలనేవాడు. మాడు మీదికి వచ్చేసరికి కత్తిని దాదాపు పడుకోబెట్టేవాడు. అక్కడ ఎముకల మధ్య ఉండే సందు పూర్తిగా మూసుకోవడానికి చాలామంది పిల్లలకు ఏడాదిన్నర దాకా పడుతుంది. సూత్రకారులు మూడో ఏడు అనడంలో ఈ ఎరుక ఉందేమోనని నర్సుగా నాకు అనిపిస్తుంది.

పని అయ్యాక తలకు గంధం పూసేవాళ్ళు. తాతకు కొత్త పంచె, చేటలో బియ్యం, బెల్లం, కొబ్బరికాయ, ఇంత డబ్బు ముట్టేవి. ఏడాది పొడుగునా ఊరి క్షవరాలకు కళ్ళంలో మేర కింద ధాన్యం కొలిచేవాళ్ళు. అదే కుటుంబం ప్రసవం చేసేది, సన్నాయి ఊదేది, చిన్నా పెద్దా మందులిచ్చేది. ఇన్ని పనులు చేతిలో ఉన్నా మమ్మల్ని వాకిలి దాటి లోపలికి పిలవని ఇళ్ళుండేవి. బిడ్డ తల మా చేతిలో పెట్టినవాళ్ళే మా చేతి మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు. ఈ ఆచారం చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట మీద కూడా చెప్పాలి. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త 1928లోనే గడ్డాల మీద పరిశీలించి, గొరగడం వల్ల వెంట్రుక పెరిగే వేగం గాని, లావు గాని మారదని తేల్చింది. కుదురు చర్మం కింద ఉంటుంది, కత్తి పైపైన పోతుంది. గొరిగిన వెంట్రుక కొన మొద్దుగా ఉండడంతో చేతికి గరుగ్గా తగులుతుంది. పైగా ఆ వయసులో జుట్టు ఎలాగూ ముదురుతుంటుంది. కాబట్టి ఒత్తు కోసం బిడ్డకు గుండు చేయించనక్కర్లేదు. మొక్కు ఉంది కాబట్టి చేయిస్తున్నాం అంటే అది చాలు, దానికి ఇంకో సాకు అవసరం లేదు.

ఇప్పుడు కత్తులు పోయాయి. ఒకరి నుంచి ఒకరికి జబ్బులు అంటుతాయన్న జాగ్రత్తతో సగం బ్లేడు బిగించే పిడులు వచ్చాయి, తలకో కొత్త బ్లేడు. తిరుమల కళ్యాణకట్టలో టోకెన్ తీసుకుని కూర్చుంటే రాత్రీ పగలూ ఉచితంగా తలనీలాలు తీస్తారు. అక్కడ ఇప్పుడు ఆడవాళ్ళు కూడా ఆ పని చేస్తున్నారు. బస్సులూ రైళ్ళూ వచ్చాక చాలా ఇళ్ళలో ఏడాదిలోపే మొక్కు తీరుతోంది, పూలజడ ఫొటో అరుదైంది. అమెరికాలో పుట్టిన పిల్లలకు మాత్రం తల్లిదండ్రుల సెలవు, టికెట్లు, వీసాలు కుదిరేదాకా జుట్టు పెరుగుతూనే ఉంటుంది. ఆ తల్లులకు మా నాయనమ్మ నేర్పిన ఆముదమూ, గుడ్డ పీలికా మళ్ళీ పనికొస్తున్నాయి.

మీ ఇంట్లో పుట్టువెంట్రుకలుంటే నేను అడిగేది కొంచెమే. బిడ్డ నిద్రపోయి లేచి, పాలు తాగాకే కూర్చోబెట్టండి. ముహూర్తాన్ని బిడ్డకు తగ్గట్టు చూసుకోండి. గోరువెచ్చటి నీళ్ళు అడగండి, కొత్త బ్లేడు మీ ఎదుటే తీయమనండి, తొందరపెట్టకండి. అయ్యాక మేనమామకు బట్టలు పెట్టినట్టే ఆ క్షురకుడికీ ఆసనమేసి, తాంబూలమిచ్చి, భోజనానికి మీ పంక్తిలోనే కూర్చోబెట్టండి. ఫొటో తీసేటప్పుడు అతన్నీ పక్కన నిలబెట్టండి. మీ మనవలు ఆ ఫొటో తీసి ఎవరీయన అని అడిగితే, నీ తల తొలిసారి పట్టుకున్న పనివాడని పేరుతో సహా చెప్పగలిగి ఉండాలి.