హాలీ సిక్కా నుంచి దిర్హమ్ దాకా

మా ఇంట్లో పూజ అల్మారాలో, కుంకుమ భరిణె పక్కన, ఒక వెండి రూపాయి ఉండేది. దీపావళినాడు లక్ష్మీపూజకు తప్ప బయటికి వచ్చేది కాదు. దాని మీద ఒకవైపు చార్మినార్. నడిమి కమానులో, దర్వాజా ఉండాల్సిన చోట, ఒకే ఒక ఉర్దూ అక్షరం. మా నాయనమ్మ దాన్ని హాలీ రూపాయి అనేది. హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నదని అర్థం. చెలామణి ఆగి ఎన్నో ఏండ్లయినా పేరు మాత్రం అదే.

మా మెదక్‌లో ఇవాళ ఫారిన్ పైసలు అంటే దిర్హమ్, రియాల్, డాలర్. 1940ల్లో అయితే బెజవాడకో షోలాపూర్‌కో పోయే మెదక్ మనిషికి కూడా పైసలు మార్చుకునే తిప్పలు తప్పేవి కావు. నిజాం ఇలాకాలో నడిచేది హాలీ సిక్కా. ఇలాకా దాటితే కల్దార్, అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయి. ‘కల్’ అంటే యంత్రం. యంత్రం మీద అచ్చైన నాణెం కాబట్టి కల్దార్. 1903 ప్రాంతంలో సైఫాబాద్ టంకశాలలో యంత్రాలు పెట్టి నిజాం కూడా చార్మినార్ బొమ్మతో రూపాయలు కొట్టించాడు. అయినా కల్దార్ అనే పేరు మాత్రం అవతలి రూపాయికే ఉండిపోయింది.

నూరు కల్దార్ రూపాయలు కావాలంటే నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు ఇచ్చుకోవాలి. ఇంత చిల్లర లెక్క ఎందుకంటే, ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. దీని వెనక దొరతనం కన్నా వెండి ఉంది. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. హాలీ బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. లెక్కేస్తే ఒకదాంట్లో సుమారు 10.7 గ్రాముల వెండి, రెండోదాంట్లో 9.1. భాగహారం చేసి చూడండి, ఆరుకు ఏడే వస్తుంది. ఈ మార్పిడి మీద బతికినవాడు షరాబు. అతను పట్టుకునే కోతకు తెలుగులో చక్కని మాట ఉంది: వట్టం. ‘ఎక్స్‌ఛేంజ్ మార్జిన్’ అని ఇప్పుడు పలుకుతున్నదంతా ఆ వట్టమే.

మెదక్ ఊళ్లోకి సముద్రాలు దాటిన పైసలు పెద్ద ఎత్తున వచ్చింది చర్చి వల్ల. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించిన కట్టడం పదేండ్లు సాగి, 1924 డిసెంబర్ 25న ప్రార్థనకు తెరుచుకుంది. కరువులో పని కోసం వచ్చిన కూలీలకు ఆ గోడలే బువ్వ పెట్టాయని మా ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. మెతుకుసీమ అని పేరున్న మెదక్‌కు తగిన మాటే. ఇంగ్లండులో పోగైన పౌండ్లు ఇక్కడ ఖర్చు కావాలంటే రెండు మారకాలు దాటాలి, పౌండు నుంచి కల్దార్, కల్దార్ నుంచి హాలీ.

వెండి కరువై, మొదటి ప్రపంచయుద్ధం చివర 1918లో, నిజాం సర్కారు కాగితం నోట్లు తెచ్చింది. అచ్చు లండన్‌లో. ఆ నోట్లకూ ఒక విదేశయాత్ర కథ ఉంది. 1922 మేలో ‘ఈజిప్ట్’ అనే ఓడ బంగారం, వెండితో పాటు సంతకాలు పడని హైదరాబాద్ నోట్లను మోసుకొస్తూ, ఫ్రాన్స్ తీరం దగ్గర మరో ఓడ ఢీకొని మునిగింది. పదేండ్ల తర్వాత ఇటలీ గజ ఈతగాళ్లు బంగారం కోసం దిగితే ఈ నోట్లూ పైకొచ్చాయి. నాణేలు సేకరించేవాళ్లు వాటికి ఇప్పుడు మంచి ధర పెడతారు. సముద్రంలో నానినా విలువ పెరిగిన నోట్లు ఇంకెక్కడా ఉండవేమో.

1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పుట్టింది, ఈ హాలీని, అంటే ఉస్మానియా సిక్కాను, చూసుకోవడానికే. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో ఎస్‌బీఐలో కలిసింది. 1948లో సంస్థానం పోయినా హాలీ వెంటనే పోలేదు. భారత రూపాయితో పక్కపక్కనే నడిచి, 1959లో పూర్తిగా రద్దయింది.

సరిగ్గా ఆ ఏడే గల్ఫ్‌లో ఇంకో రూపాయి పుట్టింది. అప్పటిదాకా దుబాయి, కువైట్, బహ్రెయిన్, ఖతర్ బజార్లలో చెల్లింది మన రూపాయే. ఆ లెక్కన కల్దార్ దుబాయిలో చేతులు మారేది, మెదక్‌లో మాత్రం వట్టం కట్టించుకునేది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నేను నమ్మలేదు. బంగారం దొంగరవాణా చేసేవాళ్లు రూపాయలు గల్ఫ్‌కు తీసుకుపోయేవారు, అవి తిరిగి రిజర్వు బ్యాంకుకు వచ్చి పౌండ్లు అడిగేవి. ఆ కారుడును ఆపడానికి 1959లో గల్ఫ్ కోసమే వేరే నోట్లు అచ్చేశారు. రంగులు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం. హజ్ యాత్రికులకు కూడా వేరే పది, వంద రూపాయల నోట్లు ఇచ్చారు. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత నాణెం పెట్టుకున్నాయి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించేసరికి దుబాయి, ఖతర్ కూడా వదిలేశాయి. ఒమన్ 1970 దాకా ఆగింది. దిర్హమ్ వచ్చింది 1973లో.

చమురు ధర ఎగిసిందీ ఆ ఏడే. కరువు సీమల నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల వెంట మెదక్ పల్లెల నుంచి కూడా, మనుషులు దుబాయి దారి పట్టారు. ఒకప్పుడు మన రూపాయి తిరిగిన వీధుల్లోకే మన కూలీలు పోయి, అక్కడి నోట్లు సంపాదించి పంపడం మొదలైంది. ఆ రోజుల్లో మన దేశంలో విదేశీ మారకం అంటే మందు గోలీలా కొలిచి ఇచ్చే సరుకు. ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని అమెరికాలో దిగామని అప్పటి విద్యార్థులు చెబుతారు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం, ఫెరా కింద లెక్క తప్పితే జైలే. అది పోయి 2000 జూన్ 1 నుంచి దాని చోట ఫెమా చట్టం వచ్చాక గాని ఊపిరాడలేదు.

ఇప్పుడు పయనం కట్టేవాళ్ల సంగతి. పోయిన ఏడు మా తమ్ముని కొడుకు దుబాయి పోతుంటే నేనూ హైదరాబాద్ దాకా వెంట పోయాను. అట్టపెట్టె మీద పేరు పెద్ద అక్షరాలతో రాసి, తాడు బిగించి, లోపల సకినాలు, మామిడికాయ తొక్కు. పైసలు మార్చే దుకాణంలో బోర్డు మీద రెండు రేట్లు. మావాడు తక్కువగా ఉన్న ‘కొనే రేటు’ చూసి సంబరపడ్డాడు. కొనేది మనం కాదు, దుకాణంవాడు. మనకు పడేది రెండోది, అమ్మే రేటు. చిన్న నోట్లు కావాలంటే లేవన్నారు, టాక్సీకి అయిదువందల దిర్హమ్‌ల నోటు పట్టుకుపోయాడు. దిగినచోట చిల్లర దొరికేసరికి గంట పట్టిందట.

రూపాయలు నగదుగా ఇచ్చి కొనాలంటే యాభై వేల లోపే, ఆపైన బ్యాంకు ద్వారా ఇవ్వాలి. చాలా దేశాలకు ఒక పయనానికి మూడు వేల డాలర్ల విలువ దాకానే నోట్లు, మిగతాది కార్డులో. మన రూపాయలు పాతిక వేలకు మించి వెంట ఉండకూడదు. దిర్హమ్ డాలర్‌కు 3.6725 చొప్పున కట్టేసి ఉంది కాబట్టి, డాలర్ పెరిగిందంటే దిర్హమ్ కూడా పెరిగినట్టే. పది తప్పి కూలికి పోయేవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అందులో భాగమే ప్రవాసీ భారతీయ బీమా, రెండేండ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల బీమా. ఏజెంటు చేతిలో లక్షలు పోసేవాళ్లు ఈ బీమా కాగితం అడగడం మరిచిపోతారు. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది ముప్ఫై వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఎక్కడైనా పని చేసుకోవచ్చని ఆజాద్ వీసా పేరు చెప్పి అంతకు మించి అడిగేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా నమ్మకండి.

మా నాయనమ్మ రూపాయి కమానులోని అక్షరం ‘ఐన్’, ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటిది. ‘మీమ్’ ఉంటే అంతకు ముందటి మహబూబ్ అలీఖాన్ కాలందని గుర్తు. మీ ఇంట్లోనూ అల్మారాలోనో ఉప్పుజాడీ వెనకో అలాంటిది దొరకవచ్చు. తొమ్మిది గ్రాముల వెండి కోసం కరిగించకండి, ముందు కమానులోకి ఒకసారి చూడండి.