నిర్వహణ లాభం

ఒక సంస్థ తన అసలు వ్యాపారం మీద సంపాదించే లాభాన్ని నిర్వహణ లాభం లేదా ఆపరేటింగ్ ప్రాఫిట్ అంటారు. అమ్మకాల రాబడిలోంచి ముడిసరుకు, జీతాలు, కరెంటు, అద్దె, తరుగుదల వంటి ఖర్చులు పోగా మిగిలేది ఇది. అప్పుల మీద వడ్డీ, ఆదాయపు పన్ను లెక్కలోకి ఇంకా రావు.

ఉదాహరణకు ఒక రైసు మిల్లు ఏడాదిలో కోటి రూపాయల బియ్యం, నూకలు, తవుడు అమ్మిందనుకుందాం. ధాన్యానికి 78 లక్షలు, హమాలీల కూలి, గుమాస్తాల జీతాలు, కరెంటు బిల్లు, గోనెసంచులకు 10 లక్షలు, యంత్రాల తరుగుదల 3 లక్షలు. నిర్వహణ లాభం 9 లక్షలు, అంటే అమ్మకాల్లో 9 శాతం. బ్యాంకు వడ్డీ 4 లక్షలు కడితే మిగిలేది 5 లక్షలే. అయితే ఎప్పుడో పెట్టుబడిగా కొన్న స్థలాన్ని యజమాని అదే ఏడు అమ్మి 6 లక్షల లాభం చూపితే, పన్నుకు ముందు లాభం 11 లక్షలకు పెరుగుతుంది. వచ్చే ఏడు అమ్మడానికి ఆ స్థలం ఉండదు. మిల్లు సత్తాను చెప్పే అంకె 9 లక్షలే.

తరుగుదల తీయకముందు లెక్కించే ఎబిటా ఇక్కడ 12 లక్షలు. యంత్రాలు, మోటార్లు అరగడం నిజమైన ఖర్చే గనుక, యంత్రాల మీద నడిచే వ్యాపారాలకు నిర్వహణ లాభమే నమ్మదగిన కొలత. బ్యాంకుల సంగతి వేరు. వాటికి వడ్డీయే వ్యాపారం కాబట్టి, డిపాజిట్లపై చెల్లించే వడ్డీని ముందే తీసేస్తారు.

చాలాకాలం సంస్థలు నిర్వహణ లాభాన్ని తలో తీరుగా లెక్కగట్టాయి. 2024 ఏప్రిల్‌లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 18 దీన్ని లాభనష్టాల పట్టికలో విడిగా చూపడం తప్పనిసరి చేసింది. 2027 జనవరి 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు అది వర్తిస్తుంది.