నిజాములు వేటాడిన చోట మా మనవలు

వేసవి సెలవులకు ఊరి నుంచి చుట్టాలు పిల్లల్ని వెంటేసుకుని దిగారంటే మా ఎల్బీనగర్ ఇళ్లలో ఒకటే జాబితా: జూపార్కు, చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ గడియారం, పొద్దుగూకాక ట్యాంక్‌బండ్. అన్నీ చూడాల్సినవే, కాదనను. 1963లో నెహ్రూ జూపార్కు తెరిచిన నాటి నుంచి హైదరాబాద్‌లో పిల్లలకు మొదట గుర్తొచ్చేది అదే. కానీ నాలుగేళ్ల వాణ్ని చంకనేసుకుని మిట్టమధ్యాహ్నం గోల్కొండ మెట్లెక్కితే వాడికేం గుర్తుంటుంది? అందుకే నేను మనవరాలిని, మనవణ్ణి తీసుకుని తూర్పువైపే తిరుగుతాను. నల్లగొండ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాణ్ని, ఈ వైపు నాకు తెలుసు. మూసారంబాగ్ నుంచి వనస్థలిపురం దాకా ఈ రోడ్డు పొడుగునా ఉన్న చరిత్రను చిన్నచూపు చూడటానికి లేదు. ఇవాళ మన పిల్లలు ఉరుకులాడే చోట్లు ఒకప్పుడు నవాబులవి, వాళ్ల సేనానులవి. మామూలు జనం గేటు దాటే కాలం కాదది.

మొదట మూసారంబాగ్ గుట్ట ఎక్కుతాం. పైన రేమండ్ సమాధి. ఫ్రాన్స్ నుంచి వచ్చి రెండో నిజాం కొలువులో చేరి, వేల మంది సిపాయిల పటాలాన్ని నడిపిన మనిషి. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాం పక్షాన పోరాడాడు. ఫిరంగులు పోతపోయించాడు, ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ ఆ జ్ఞాపకమే. 1798 మార్చి 25న పోయాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషు వాళ్లు అతని పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. దాంతో హైదరాబాద్‌లో ఫ్రెంచి పలుకుబడి పోయింది. మూసారంబాగ్‌కు ఆ పేరు కూడా అతని వల్లే వచ్చిందంటారు. పక్కనున్న స్తంభాల మంటపం 2001 వానలకు కూలిపోతే మళ్లీ కట్టారు.

సమాధి సుమారు ఏడు మీటర్ల రాతి స్తంభం. దాని మీద చెక్కినవి జె, ఆర్ అనే రెండు అక్షరాలే. మనవరాలు ఆ గాడిలో వేలు పెట్టి, రాత నేర్చుకునేటప్పుడు దిద్దినట్టు పైనుంచి కిందికి దిద్దింది.

"పేరు మొత్తం ఎందుకు రాయలే తాతా?"

"అప్పుడు అందరికీ తెలిసిన మనిషి బిడ్డా."

అంతకంటే మంచి జవాబు నాకు తోచలేదు.

దగ్గర్లోనే ఇంకో గుట్ట మీద ఆస్మాన్‌గఢ్. పైగా వంశపు అమీరు, తర్వాత నిజాం ప్రధానిగా చేసిన సర్ ఆస్మాన్ జా 1885లో యూరపు కోటల తీరున బురుజులు పెట్టి కట్టించుకున్నాడు. ఇప్పుడు అందులో బడి నడుస్తోంది. బయటి నుంచే చూపించి కిందికి దిగుతాం.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక చిన్నపిల్లలతో తిరగడం సులువైంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఆ జనంలో ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని రోడ్డు దాటడం ఎంత కష్టమో ఇక్కడి తల్లులనడిగితే చెబుతారు. చైతన్యపురి దాటగానే విక్టోరియా మెమోరియల్ స్టేషను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఊరికి దూరంగా సరూర్‌నగర్‌లో కట్టించిన ప్యాలెస్ ఈ పక్కనే ఉంది. 1901లో విక్టోరియా రాణి చనిపోయాక ఆమె జ్ఞాపకార్థం దాన్ని అనాథ పిల్లల ఆశ్రమంగా మార్చారు. పేరు రాణిదైతేనేం, ఇల్లు మాత్రం పిల్లలకు దక్కింది. ఇప్పటికీ అక్కడ పిల్లలు ఉండి చదువుకుంటున్నారు. హైదరాబాద్‌లో ప్యాలెస్‌లు కొన్ని హోటళ్లయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి, కొన్ని కూలిపోయాయి. ఇంత మంచి చేతుల్లో పడింది నాకు తెలిసి మరొకటి లేదు. అయితే లోపలికి తీసుకెళ్లను. అది పిల్లలుండే ఇల్లు, మనం వింత చూడటానికి పోయే చోటు కాదు. మెట్రో కిటికీలోంచి ఆ చెట్లు చూపించి, సంగతి చెబుతాను.

మధ్యలో కొత్తపేట. ఇక్కడి పండ్ల మార్కెట్‌కు మామిడి కాలంలో పిల్లల్ని తీసుకెళ్తే అదే ఒక జాతరగా ఉండేది. గడ్డి పరిచి పోసిన బంగినపల్లి రాశులు, వేలం కేకలు. ఇప్పుడా మార్కెట్ బాటసింగారానికి పోయింది. ఆ జాగాను పెద్దాసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి కావాల్సిందే గానీ ఆ వాసన పోయిన లోటు నాకుంది.

అసలు చోటు ఇంకా ముందుంది. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ హైవే మీద వనస్థలిపురం దాకా వెళ్తే మహావీర్ హరిణ వనస్థలి. సుమారు 1,459 హెక్టార్ల అడవి. నిజాములకు వేట అడవి ఇది. 1975లో వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వార్షికం గుర్తుగా ఆయన పేరు పెట్టి జింకల వనం చేశారు. ప్రాణిని చంపొద్దన్న మనిషి పేరు వేట అడవికి పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, వాళ్లకు దండం పెట్టాలి. అంతకు మూడేళ్ల ముందే, 1972లో, వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. ఇక్కడ మేసే కృష్ణజింకను చంపితే ఇప్పుడు జైలే.

పిల్లలకు వేట గురించి చెప్పకుండా ఈ అడవి చూపించడం నాకు ఇష్టం ఉండదు. ఆ ఆరో నిజాం మహబూబ్ పాషా వేటలో పేరుమోసినవాడు. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన వేట ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. 1893లో ఆస్ట్రియా నుంచి ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నిజాం అతిథిగా వచ్చి హైదరాబాద్ రాజ్యంలో వేటాడాడు. 1914లో సారయెవోలో అతన్ని కాల్చి చంపాకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ రోజుల్లో రాజులు కృష్ణజింకల మీదికి చీతాలను వదిలేవారు. చిరుత కాదు, చీతా. కళ్లకు గంతలు కట్టి ఎడ్లబండి మీద తీసుకెళ్లేవారు. మంద కనబడగానే గంత విప్పేవారు. అది మగజింకను ఎంచుకుని ఉరికి పట్టేది. కావలివాడు జింక గొంతు కోసి, గరిటెడు నెత్తురు చీతా నోటికి పట్టి, మళ్లీ గంత కట్టేవాడు. దేశంలో చీతా లేకుండా పోయిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. వేటాడిన జంతువును విమానంలో తెచ్చుకోవాల్సి వచ్చింది. వేటకు బలైన జింక మాత్రం మా ఇంటి పక్కనే మేస్తోంది.

పొద్దున్నే వెళ్లాలి. ఎండెక్కితే జింకలు పొదల నీడకు చేరతాయి. అటవీశాఖ బండి ఎక్కితే తుమ్మ చెట్ల మధ్య మట్టిదారిలో తిప్పుతారు. మగజింక వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కంటి చుట్టూ తెల్లటి వలయం, మెలితిరిగిన కొమ్ములు. ఆడవాటికి కొమ్ములుండవు, ఒళ్లు లేత గోధుమరంగు. బండి ఆగగానే ఓ ఆడజింక తలెత్తి చెవులు మా వైపు తిప్పింది. ఉన్నచోటే నిలువునా ఎగిరింది. దాన్ని చూసి రెండోది, మూడోది, గడ్డి మీది నుంచి ఒకటొకటిగా లేచాయి. మనవడు నా జుట్టు పట్టుకుని నోరు తెరిచి చూశాడు. అవతల హైవే లారీల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి.

తిరుగుదారిలో సరూర్‌నగర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో 1626లో కట్టిందని చెబుతారు. పిల్లలు ప్రియదర్శిని పార్కులో ఆడుకున్నాక కట్ట దగ్గరికి తీసుకెళ్తాను. చెరువు కింద ఒకప్పుడు పొలాలుండేవి. ఇప్పుడు కంటికి ఆనినంత మేర ఇళ్లే. 2020 అక్టోబరు వానలకు చెరువు నిండి దిగువన కోదండరాంనగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మనవరాలి స్నేహితురాలి ఇల్లూ అందులోనే. పుస్తకాలు, బియ్యం డబ్బా, కుట్టుమిషను అన్నీ తడిసిపోయాయి. నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, అలుగు దాటి ఎటు పోవాలో వేలు పెట్టి చూపించాను.

"ఇండ్లు కట్టేటప్పుడు ఈడ చెరువుందని ఎవలకూ తెల్వదా తాతా?"

"ఎందుకు తెల్వదు? చెరువు నాలుగు వందల ఏండ్ల సంది ఉన్నది. ఇండ్లు మా కాలంల వచ్చినయి. మేం చూస్తుండంగనే కట్టిన్రు."