రాజ్యలక్ష్మమ్మ చాకిరీకి చరిత్రలో చోటేది?

కందుకూరి వీరేశలింగం మీద వచ్చిన ఏ పుస్తకం తీసినా రాజ్యలక్ష్మమ్మ గురించి ఒక పేరా ఉంటుంది. మహా అయితే ఒక పేజీ. సహధర్మచారిణి, త్యాగమయి, మాతృమూర్తి అన్న మాటలు అందులో తప్పనిసరి. ఏళ్ల తరబడి వీటిని చదువుతూ, పాఠాల్లో చెబుతూ వచ్చిన నాకు ఒక అనుమానం బలపడుతూ వచ్చింది. ఒక స్త్రీ చేసిన పనేమిటో చెప్పకుండా దాటెయ్యడానికి పొగడ్తను మించిన సాధనం లేదేమో!

పుట్టింట్లో ఆమె పేరు బాపమ్మ. చిన్నతనంలోనే పెళ్లయింది. అత్తవారింట్లో రాజ్యలక్ష్మి అయింది. చరిత్రకు తెలిసింది ఆ రెండో పేరే.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో, వాళ్లింట్లో, గోగులపాటి శ్రీరాములుకీ బాలవితంతువు గౌరమ్మకీ పెళ్లి జరిగింది. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. అంటే చట్టం కాగితం మీద నుంచి దిగి గోదావరి ఒడ్డున ఒక ఇంటి గడప తొక్కడానికి పాతికేళ్లు పట్టింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశాడు. కాలేజీ విద్యార్థులు అండగా నిలిచారు. ఇవన్నీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

ఒకసారి ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "అంతమందికి వంట ఎవరు చేశారు మేడమ్?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు పాఠంలో అంతకన్నా పెద్ద ప్రశ్న కనిపించలేదు.

ఎందుకంటే వెలి అనేది మొదట తగిలేది వంటింటికే. రాజమండ్రి ఏమంత పెద్ద ఊరు కాదు. 1901 జనాభా లెక్కల్లో కూడా 36 వేల పైచిలుకు మనుషులే. అలాంటి ఊళ్లో ఒక బ్రాహ్మణ కుటుంబాన్ని వెలివేయడమంటే పురోహితుడు రాడు, చుట్టాలు గడప తొక్కరు, వంటమనిషి మానేస్తుంది, నీళ్లు తెచ్చే మనిషి మానేస్తాడు. మగవాళ్లు సభలో వాదించి గెలవచ్చు. నీళ్లతో వాదించడం కుదరదు. పొద్దున్నే ఎవరో ఒకరు గోదావరికి వెళ్లి బిందె ముంచుకు రావాల్సిందే. ఆ పని రాజ్యలక్ష్మమ్మ చేసింది. నీళ్లు మోసింది, పెళ్లివారికి వండి పెట్టింది. శాస్త్రాలు తిరగేసి వితంతు వివాహం తప్పు కాదని నిరూపించడం ఉద్యమమైతే, ఆ బిందె మోయడం ఉద్యమం కాకుండా ఎలా పోతుంది?

ఇందులో కులం సంగతి కూడా మర్చిపోకూడదు. మడి, అంటు అని గీసుకున్న గీతల వల్లే ఆ ఇంటి వంటకు, నీళ్లకు ఫలానా మనుషులే కావాల్సివచ్చింది. వాళ్లు తప్పుకోగానే ఆ బరువంతా ఇల్లాలి భుజం మీద పడింది. కులం విధించిన శిక్షను స్త్రీ శరీరం అనుభవించడం అంటే ఇదే.

ఇక మాతృమూర్తి అన్న మాట. ఆ దంపతులకు పిల్లలు లేరు. వీరేశలింగం జరిపించిన వితంతు వివాహాలు దాదాపు 40. తర్వాత మద్రాసులోనూ రాజమండ్రిలోనూ వితంతు శరణాలయాలు నడిచాయి. అలా వచ్చినవాళ్లలో చాలామంది పసివాళ్లు. తల్లినీ ఊరినీ వదిలి, మళ్లీ వెనక్కి వెళ్లే దారి లేకుండా వచ్చినవాళ్లు. మనం సంస్కరణ అని పిలుస్తున్నది ఆ పిల్లల వైపు నుంచి చూస్తే కన్నతల్లిని పోగొట్టుకోవడం కూడా. అలాంటి పిల్లలున్న ఇల్లు నడవాలంటే తిండి పెట్టాలి, జబ్బు చేస్తే పక్కన కూచోవాలి, రాత్రి ఏడిస్తే ఊరుకోబెట్టాలి. ఉపన్యాసంతో అయ్యే పనులు కావివి. దీన్ని సహజమైన తల్లి మనసు అనేస్తే ఆమె నేర్పునూ, అలసటనూ, ప్రతిరోజూ తీసుకున్న నిర్ణయాలనూ మాయం చేసినట్టే.

అలాగని ఆమెను మన కాలపు స్త్రీవాదిగా నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. ఆనాటి సంస్కరణ స్త్రీని మంచి భార్యగా, మంచి తల్లిగా తీర్చిదిద్దాలనుకుంది. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరే సతీహితబోధిని. రాజ్యలక్ష్మమ్మ బతుకు కూడా ఆ చట్రం లోపలిదే. పైగా ఆమెను మనం ఎక్కువగా చూస్తున్నది భర్త రాతల్లోంచే. అయినా ఆమెను పతివ్రతగా పూజించడం, భర్త నీడ అని పక్కకు నెట్టడం, రెండూ ఒకే పని చేస్తాయి. ఆమె పనిని లెక్కలోకి రానివ్వవు. ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చిన సంగతి చరిత్రలో నమోదైంది. మూడు దశాబ్దాల చాకిరీని ఏ దస్తావేజులో చూపించాలి? 1910 ఆగస్టు 11న ఆమె చనిపోయింది.

ఇది నూరేళ్ల కిందటి ముచ్చటే అయితే ఇంత గట్టిగా మాట్లాడే పని లేదు. సేవ అన్న మాట ఇప్పటికీ అదే పని చేస్తోంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. ఊరి పిల్లలకు తిండి పెట్టి, అక్షరాలు దిద్దించి, గర్భిణీలను కనిపెట్టుకుని ఉండే అంగన్‌వాడీ స్త్రీకి ఇచ్చేది జీతం కాదు, "గౌరవ వేతనం" అన్నారు. ఆమెకూ గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగితే, 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. చేస్తున్నంతసేపూ అది స్వచ్ఛంద సేవ. చెయ్యనన్న రోజున అత్యవసర సేవ! రాజమండ్రిలో నీళ్లు తెచ్చే మనిషి మానేసిన రోజు తేలిన నిజమే ఇక్కడా తేలింది. ఆ పని ఆగితే ఏదీ నడవదు.

చిన్న ఊళ్లలో మన అమ్మలు, అత్తలు, పిన్నులు మహిళా మండళ్లలోనూ, బాలవాడీల్లోనూ, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఇలాంటి బిందెలు ఎన్ని మోశారో! వాళ్లు పోయాక సంస్మరణ సభల్లో త్యాగమయి అని ఒక మాట అనేసి లేచి వచ్చేస్తున్నాం. ఇకముందైనా వాళ్ల గురించి రాసేటప్పుడు ఎంత మంచిదో చెప్పే ముందు ఏం చేసిందో రాద్దాం. ఎన్ని గంటలకు లేచింది, ఎంతమందికి వండింది, ఎవరికి ఎదురు నిలబడింది, అందుకు ఏం పోగొట్టుకుంది అని అడుగుదాం. స్త్రీల చరిత్ర రాయడానికి అంతకన్నా మంచి మొదలు నాకు తెలియదు.