కన్ను బాగానే ఉన్నా చూపు తగ్గుతుందా? తల వెనక జరిగే పని ఇదీ!

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ఆగింది. బోగీ నంబరు, జనంలో మనవాళ్ల ముఖం.. క్షణంలో గుర్తుపట్టేస్తాం. ఇదంతా కళ్ల పనే అనుకుంటాం. కానీ గుర్తుపట్టేది మెదడు!

ఎలా పనిచేస్తుంది?

కంటి లోపలి రెటీనా వెలుగును విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. ఒక్కో కంటి నుంచి దాదాపు 10 లక్షల నరాల పోగులు వాటిని మోసుకెళ్తాయి. దారిలో సగం పోగులు పక్క మారతాయి. అందుకే ఎడమవైపు దృశ్యం మెదడు కుడి భాగానికి, కుడివైపు దృశ్యం ఎడమ భాగానికి చేరుతుంది. చివరి మజిలీ తల వెనక ఉన్న విజువల్ కార్టెక్స్. అక్కడ కొన్ని కణాలు నిలువు గీతలకు, మరికొన్ని అడ్డగీతలకు స్పందిస్తాయి. ఈ గుట్టు విప్పిన హ్యూబెల్, వీసెల్‌లకు 1981లో నోబెల్ దక్కింది.

పిల్లల్లో జాగ్రత్త!

ఈ కార్టెక్స్ చిన్న వయసులోనే చూడటం నేర్చుకుంటుంది. ఒక కంటికి సైట్ ఎక్కువున్నా, మెల్ల ఉన్నా ఆ కంటి సంకేతాలను మెదడు పక్కన పెట్టేస్తుంది. అదే లేజీ ఐ. రెండో కంటితో బాగా కనిపిస్తుంది కాబట్టి పిల్లలు చెప్పరు. పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు.

ఏడేళ్లలోపే గుర్తిస్తే అద్దాలు, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్‌తో మంచి ఫలితం ఉంటుంది. కాబట్టి బడిలో వేసే ముందే కంటి పరీక్ష చేయించండి. జంట నగరాల్లో మెహదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి.