సొంత ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్: వ్యయం, ఆచరణ సాధ్యత

ఇంటికిగానీ కార్యాలయానికిగానీ ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ కోరేవారు మొదట విచారించేది నెలసరి చందా. పట్టణాలలో, ప్రధాన కేబుల్ మార్గానికి ఆనుకుని ఉన్న గ్రామాలలో ఈ లెక్క సరిపోవచ్చు. ఊరి చివరి కాలనీలో, పొలాల నడుమ కట్టుకున్న ఇంటిలో నివసించేవారి విషయం వేరు. వారికి అసలు వ్యయం చందాలో లేదు; కేబుల్ నడిచి వచ్చే దారిలో ఉన్నది.

వెంట్రుకంత మందం గల గాజు పోగు ధర స్వల్పమే. కందకం తవ్వడం, పైపు వేసి పూడ్చడం, తవ్విన రోడ్డును తిరిగి బాగుచేయించడం, దారి పొడవునా అనుమతులు పొందడం, వీటికే సొమ్ములో సింహభాగం ఖర్చవుతుంది. ఒక్క ఇంటి కోసం కిలోమీటరు కందకం తవ్వినా, ఏభై ఇళ్ల కోసం తవ్వినా ఖర్చు దాదాపు ఒక్కటే. ఒంటరి దరఖాస్తుదారునికి సంస్థలు తరచు ‘సాధ్యపడదు’ అని బదులివ్వడానికి కారణం ఇదే.

ఈ భారాన్ని తగ్గించడానికి రెండు తెలుగు రాష్ట్రాలూ రెండు మార్గాలు అనుసరించాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభాలపైనే కేబుల్ లాగడం జరిగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఫైబర్ గ్రిడ్ తొలి దశలో సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్‌కు రూ. 333 కోట్లు వ్యయమైనట్లు ప్రకటించారు. అంటే కిలోమీటరుకు సుమారు లక్షా 40 వేల రూపాయలు. భూగర్భంలో వేస్తే ఇందుకు ఎన్నో రెట్లు అవుతుందని నాటి అంచనా. టెలివిజన్, టెలిఫోన్, ఇంటర్నెట్ మూడింటినీ కలిపి నాడు నెలకు రూ. 149కే అందించగలగడం వెనుక ఈ పొదుపు ఉన్నది. తరువాతి కాలంలో ధరలు మారాయి. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాలనే టీ-ఫైబర్‌కు కూడా వినియోగించారు.

స్తంభాల మార్గం చౌకయినదే కానీ నిరపాయమైనది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేలాది విద్యుత్ స్తంభాలను నేలకూల్చింది. స్తంభం కూలితే దానిపై ఉన్న కేబుల్‌కూ అదే గతి. కోస్తా జిల్లాలలో కనెక్షన్ తీసుకునేవారు, మంజూరు చేసేవారు కూడా మరమ్మతుకు పట్టే కాలాన్ని ధరతో సమానంగా పరిగణించవలసి ఉంటుంది.

‘సొంత’ కనెక్షన్ అన్న మాటకు కొంత వివరణ అవసరం. గృహాలకు సాధారణంగా ఇచ్చేది జీపాన్ పద్ధతిలోని ఉమ్మడి లైను. సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యం గల ఒకే పోగును స్ప్లిట్టర్ ద్వారా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 32 ఇళ్లూ ఏకకాలంలో పూర్తిగా వాడుకుంటే ఒక్కొక్క ఇంటికి దక్కేది సుమారు 77 మెగాబిట్లు. ఆచరణలో అందరూ ఒకే క్షణాన వాడరు గనుక ఇబ్బంది అరుదు. ఎవరితోనూ పంచుకోని లీజ్డ్ లైన్‌లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ వేగాలు సమానం. మరమ్మతు గడువుపై ఒప్పందం ఉంటుంది. దాని అద్దె మాత్రం గృహ కనెక్షన్‌కు అనేక రెట్లు. ఆసుపత్రికో, బ్యాంకు శాఖకో అది సమంజసం. ఒక కుటుంబానికి మాత్రం ఆ ఖర్చు వృథాయే అనవలసి ఉంటుంది.

చందాపై 18 శాతం జీఎస్టీ అదనం, రూ. 500 పథకానికి చెల్లించేది రూ. 590. ఇంట అమర్చే మోడెంకు డిపాజిట్, బిగింపు రుసుము, నిర్ణీత దూరం దాటిన కేబుల్ ఖరీదు విడిగా ఉండవచ్చు గనుక వాటిని ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. పాత రాగితీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఫైబర్ మోడెంకు ఇంటి కరెంటే ఆధారం. అది పోతే ఇంటర్నెట్‌తో పాటు ఫోనూ మూగబోతుంది. ఇన్వర్టర్ ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోవాలి.

సొంత ఖర్చుతో కేబుల్ వేసుకుంటామనేవారు కూడా ప్రజా రహదారిని దాటించాలంటే సంబంధిత స్థానిక సంస్థ లేదా రోడ్లు, భవనాల శాఖ అనుమతి పొందవలసిందే. ఆ లైను నుంచి ఇరుగుపొరుగుకు ఇంటర్నెట్ అమ్మడం కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేనిదే కుదరదు. అయితే ఇరుగుపొరుగు కలిసి సంస్థకు ఉమ్మడిగా దరఖాస్తు చేయడానికి ఏ అభ్యంతరమూ లేదు. పది ఇళ్లు ఒక్కటైతే సంస్థ లెక్కే మారిపోతుంది. కేబుల్ మార్గం అనుమతులకై 2022 మేలో కేంద్రం గతిశక్తి సంచార్ పోర్టల్‌ను ప్రారంభించింది. 2024 నాటి మార్గాధికార నియమావళి 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

వేసిన కేబుల్‌ను కాపాడుకోవడం మరొక పని. కాలువ పూడికకో, నీటి పైపుకో వచ్చిన జేసీబీ ఒక్క వేటుతో ఊరంతటికీ ఇంటర్నెట్ లేకుండా చేయగలదు. దీని నివారణకు 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ అందుబాటులోకి వచ్చింది. తవ్వకం పనులు చేపట్టే శాఖలు, గుత్తేదారులు ముందుగా అందులో వివరాలు నమోదు చేస్తే, అక్కడ కేబుల్ గల సంస్థలకు సమాచారం చేరుతుంది.