అంటువ్యాధులకు లెక్క కట్టినవాళ్లు

అంటువ్యాధి ఊళ్లో ఎలా పాకుతుందో, ఎప్పుడు తగ్గుముఖం పడుతుందో సమీకరణాలతో అంచనా వేసే విద్యకు మొదట్లో బడి లేదు. దాన్ని నిలబెట్టిన తొలితరంలో ఎక్కువమంది వైద్యులే. గణితం ఎవరికి వారు నేర్చుకున్నారు. 1760లో మశూచి మీద లెక్క కట్టి పారిస్ అకాడమీకి సమర్పించిన డేనియల్ బెర్నూలీ గణితజ్ఞుడిగా పేరుపడ్డా, పట్టా పొందింది వైద్యంలో. మశూచి పుండు రసాన్ని ఆరోగ్యవంతులకు ఎక్కించే ఆనాటి పద్ధతిని అందరికీ అమలు చేస్తే సగటు ఆయుర్దాయం సుమారు మూడేళ్లు పెరుగుతుందని ఆయన తేల్చాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఈ పని ముట్టుకున్నవాళ్లు అరుదు.

మళ్లీ కదలిక వచ్చింది మలేరియా వల్ల. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. 1902లో నోబెల్ వచ్చింది. కానీ దోమే కారణమని తెలిసినంత మాత్రాన జ్వరం తగ్గలేదు. లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమల నిర్మూలనకు చేసిన ప్రయత్నం విఫలమైందని అధికారులు తేల్చారు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమన్నది విమర్శకుల మాట. అన్నిటినీ చంపనక్కర లేదు, జనాభాతో పోలిస్తే దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే చాలు, మలేరియా దానంతటదే అంతరిస్తుందన్నది రాస్ పట్టుదల. మాటలతో నమ్మించలేక ఆయన సమీకరణాలు పట్టుకున్నాడు. వాటి తొలి రూపం మారిషస్ మలేరియాపై ఆయన రాసిన 1908 నాటి నివేదికలో, విస్తరించిన రూపం 1911లో వచ్చిన ఆయన మలేరియా నివారణ గ్రంథపు రెండో ముద్రణలో కనిపిస్తాయి. అయితే తన గణితం ఎక్కడిదాకా వస్తుందో ఆయనకు తెలుసు. అందుకే కేంబ్రిడ్జిలో చదివిన రేఖాగణిత శాస్త్రజ్ఞురాలు హిల్డా హడ్సన్‌ను తోడు తీసుకున్నాడు. 1917లో ఇద్దరి పేర్ల మీదా పత్రాలు వచ్చాయి. రోగాన్ని ఎరిగినవాళ్లనూ గణితం ఎరిగినవాళ్లనూ కలిపి కూర్చోబెట్టడమే ఆ తర్వాత ఈ రంగంలో శిక్షణకు అసలు పని అయింది.

ఈ రెండు విద్యలూ ఒక్కడిలోనే కుదిరిన అరుదైన మనిషి ఆండర్సన్ మెకెండ్రిక్. 1901లో రాస్‌తో కలిసి సియెరా లియోన్‌కు వెళ్లిన ఈ యువ వైద్యుడు ఆయన ప్రోత్సాహంతోనే గణితం వైపు తిరిగాడు. తర్వాత కసౌలిలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. ఆరోగ్యం చెడి 1920లో ఎడిన్‌బరోకు తిరిగి వెళ్లాడు. 1926లో అచ్చయిన ఆయన పత్రంలో భారతదేశంలోని ఒక గ్రామపు కలరా లెక్క ఉంది. 223 ఇళ్లలో 168 ఇళ్లకు రోగమే రాలేదు. 32 ఇళ్లలో ఒక్కొక్కరికి, 16 ఇళ్లలో ఇద్దరేసికి, 6 ఇళ్లలో ముగ్గురేసికి, ఒక ఇంట్లో నలుగురికి వచ్చింది. ఇళ్లన్నిటికీ రోగభయం సమానంగా ఉంటే ఈ అంకెలు ఇలా పడవు. రోగం వచ్చిన ఇళ్ల అంకెలనుంచి వెనక్కి లెక్క కట్టి, ప్రమాదంలో ఉన్నవి దాదాపు 93 ఇళ్లేననీ, ఆ ఇళ్లవాళ్లు కలుషితమైన ఒకే బావి నీళ్లు తాగి ఉంటారనీ ఆయన ఊహించాడు. ఊళ్లో విచారిస్తే అదే నిజమని తేలింది. ఈ విద్య నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు: అంకెల్లోంచి బావి దాకా వెళ్లడం, వెళ్లి చూసుకోవడం.

ఎడిన్‌బరోలోనే ఆయనకు విలియం కెర్మాక్ జతపడ్డాడు. 1924లో ప్రయోగశాల ప్రమాదంలో రెండు కళ్లూ పోగొట్టుకున్న ఈ రసాయన శాస్త్రజ్ఞుడు, ఇతరులు చదివి వినిపిస్తుంటే జ్ఞాపకశక్తితోనే గణితం సాగించాడు. 1927లో ఇద్దరూ కలిసి రాసిన పత్రం జనాన్ని మూడు వర్గాలు చేసింది: రోగం సోకే వీలున్నవాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్న లేదా మరణించినవాళ్లు. అందరికీ సోకకముందే మహమ్మారి ఎందుకు ఆగిపోతుందో దాంతో అర్థమైంది. 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా బొంబాయిలో ప్లేగు మరణాల వారపు లెక్కలను వాళ్లు తమ వక్రరేఖతో పోల్చి చూపారు. ఆ పటం పాఠ్యపుస్తకాలకూ ఎక్కింది. అయితే ప్లేగు ఎలుకల ద్వారా, రుతువును బట్టి వచ్చేది. రేఖ చక్కగా కుదిరినా అక్కడ జరిగింది వేరని 2012లో నికొలా బకాయెర్ చూపాడు. రేఖ కుదరడం వేరు, కారణం దొరకడం వేరు.

తరగతి గదిలోనే పుట్టిన నమూనా ఒకటుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో లోవెల్ రీడ్, వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ 1920ల చివర విద్యార్థులకు అంటువ్యాధి గతిని రంగు గోళీలతో చూపేవారు. తమ నమూనాను వాళ్లు అచ్చు వేయలేదు. పాఠాల ద్వారానే అది నిలిచింది.

1950లలో జార్జ్ మక్డొనాల్డ్ రాస్ సమీకరణాలను మెరుగుపరిచాడు. ఎదిగిన దోమల ఆయుష్షు కాస్త తగ్గించినా వ్యాప్తి బాగా పడిపోతుందని ఆయన చూపాడు. ఇళ్ల గోడల మీద డీడీటీ చల్లడానికి అది బలమైన ఆధారమైంది. 1957లో నార్మన్ బెయిలీ గ్రంథంతో ఈ విద్యకు చెప్పుకోదగ్గ పాఠ్యపుస్తకం దొరికింది. భౌతిక శాస్త్రం నుంచి వచ్చిన రాబర్ట్ మే, పరాన్నజీవుల అధ్యయనం నుంచి వచ్చిన రాయ్ ఆండర్సన్ కలిసి 1991లో వెలువరించిన పెద్ద గ్రంథం ఒక తరాన్నే తయారుచేసింది.

తర్వాత లండన్‌లో, అమెరికాలో స్వల్పకాలిక కోర్సులు స్థిరపడ్డాయి. రోగభారం ఎక్కువగా ఉన్న ఆఫ్రికాకు ఇవి చేరడం ఆలస్యమైంది. కేప్‌టౌన్ దగ్గర మ్యూజెన్‌బర్గ్‌లో 2003లో మొదలైన ఆఫ్రికా గణిత శాస్త్రాల సంస్థ ఆవరణలో జరిగే శిబిరాల్లో గణితం చదివినవాళ్లూ ప్రజారోగ్యం చదివినవాళ్లూ జట్లుగా నిజమైన గణాంకాల మీద పనిచేస్తారు.

కోవిడ్ కాలంలో భారతదేశంలో రూపొందిన 'సూత్ర' నమూనా వెనుక ఉన్న ముగ్గురు: కాన్పూరు ఐఐటీ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు మణీంద్ర అగ్రవాల్, గుంటూరులో పుట్టిన హైదరాబాదు ఐఐటీ నియంత్రణ సిద్ధాంతవేత్త మాతుకుమల్లి విద్యాసాగర్, సైనిక వైద్యురాలు మాధురి కనిత్కర్. 2021లో రెండో అల అంత తీవ్రంగా వస్తుందని ముందుగా చెప్పలేకపోయామని వాళ్లే బహిరంగంగా చెప్పారు. వేగంగా వ్యాపించే కొత్త రకం వైరస్ వస్తే సమీకరణంలోని సంక్రమణ రేటే మారిపోతుంది. ఆ మార్పు కేసుల లెక్కల్లో కనబడేదాకా సమీకరణం పాత రేటుతోనే నడుస్తుంది.